గంజి నక్షత్రాలు

గంజి వాసన నాకు పడదు. పడదంటే సుకుమారం కొద్దీ అనుకునేరు, గంజి తాగి పెరిగిన ఒళ్లే ఇది. మామూలు గంజి ఫరవాలేదు. పొయ్యి మీద రెండోసారి మరిగి, చిక్కబడి, పైన బుడగలు పగులుతుండే గంజి వాసన ముక్కుకు తగిలితే మాత్రం కడుపులోంచి ఏదో తన్నుకొస్తుంది. మొన్న క్రిస్మస్‌కు ముందురోజు భూపాలపల్లిలో మా చెల్లెలి కూతురు జ్యోతి ఇంట్లో అడుగు పెట్టానో లేదో, అదే వాసన. చేతిసంచి గుమ్మంలోనే వదిలేసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏందే గీ వాసన? అన్నం మాడబెట్టినవా?" అన్నాను. "మాడుడు గాదు పెద్దమ్మా, గంజి మరగబెడుతున్న. నక్షత్రాలకు" అంది అది వంటింట్లోంచి. పోయి చూద్దును కదా, ఉప్పు డబ్బాకు ఆనించిన ఫోన్‌లో ఎవరో చేతులు దారం అల్లుతున్నాయి, పీట మీద ఒక నలభై తెల్ల నక్షత్రాలు కుప్పగా పడి ఉన్నాయి. అన్నీ జ్యోతి అల్లినవే. "అమ్మమ్మ గిట్లనే జేసేదట గదా, అమ్మ చెప్పింది. ఎంత చిక్కగుండాలె, జర చెప్పు" అంది గరిటె ఎత్తి చూపిస్తూ. దొడ్లోకి పోయి కుళాయి కింద మొహం కడుక్కుని వచ్చాను.

నిజానికి నాకు సంతోషం వేయాలి. జనగామలో నా ఇంటి వీధి చివర ఫ్యాన్సీ దుకాణం ఉంది. డిసెంబరు వస్తే చాలు, వాడు బయట ప్లాస్టిక్ చెట్లు నిలబెడతాడు. ముట్టుకుంటే చేతికి పచ్చరంగు అంటుతుంది, కిరసనాయిలు కంపు కొడుతుంది. డబ్బాలోంచి తుస్సుమని కొట్టే మంచు ఒకటి. మన జన్మలో ఎవరైనా మంచు చూశారా? మొన్న ఒకడు నాతో "టీచరమ్మా, గిది హ్యాండ్‌మేడ్" అని అట్టపెట్టెలో క్రోషియా గంటలు చూపించాడు. ఏ చేతో చెప్పమంటే తెల్లమొహం వేశాడు. ఛీ, చెయ్యి అనే మాటకు కూడా సిగ్గు లేకుండా పోయింది అనుకుంటూ వచ్చేశాను. అలాంటి నేను, సొంత చేత్తో అల్లే పిల్ల ఇంట్లో దొరికితే ముద్దు పెట్టుకోవాలి కదా. ముక్కు మూసుకున్నాను.

జ్యోతి నన్ను వదల్లేదు. దాని భర్త దానియేలు గనిలో, భూమి లోపల పని చేస్తాడు. రెండేళ్లుగా పొడిదగ్గు. పైన ఏదైనా పని ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు, ఆ కాగితాలు కదిపే గుమాస్తా వీళ్ల పక్క క్వార్టర్‌లోనే ఉంటాడు. అర్జీ ఈ నెల తేలుతుందని ఆశ. ఆ ఆశతోనేనేమో ఈసారి పండుగ గట్టిగా చేయాలని దాని పంతం. నేను పొయ్యికి దూరంగా, కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "గంజిల వేలు ముంచి తియ్యి. వేలు మీద గ్లౌజు తొడిగినట్టు నిలవాలె, కారిపోవద్దు" అని చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పాక ఇక మిగతాదంతా చెప్పకుండా ఉండలేకపోయాను. యాభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అది. ఇక్కడ కూడా అదే రాస్తున్నాను.

మా ఊరు జఫర్‌గఢ్ దగ్గర. మా నాయిన పంటల కాలమంతా కేసముద్రం మార్కెట్‌లో బస్తాలు మోసేవాడు. వారానికో, పది రోజులకో ఇంటికొచ్చేవాడు. ఆయన వెంట్రుకల్లో, కనుబొమల్లో పత్తి పీచు అతుక్కుని ఉండేది. అమ్మ పేరు శాంతమ్మ. చిన్నప్పుడు ఒక మిషను దవాఖానలో అంట్లు తోముతూ, అక్కడి నర్సమ్మ దగ్గర క్రోషియా నేర్చుకుంది. ఒకే ఒక్క కొక్కెం సూదితో దారాన్ని ముడిలోంచి ముడి లాగుతూ అల్లడమే క్రోషియా. నర్సమ్మ ఇచ్చిన సూది ఎప్పుడో పోయింది. నాయిన పాత సైకిల్ పుల్ల ఒకటి తెచ్చి బండ మీద అరగదీసి, కొసను వంచి ఇచ్చాడు. అమ్మ చూపుడువేలు పక్కన ఆ పుల్ల రాసుకుని రాసుకుని ఒక కాయ కాసింది. నాకు జడ వేసేటప్పుడు ఆ కాయ నెత్తికి గరగరా తగిలేది.

అల్లినంత మాత్రాన నక్షత్రం కాదు. సూది మీంచి దిగినప్పుడు అది ఉట్టి గుడ్డపీలిక, ముడుచుకుని పడుంటుంది. దాన్ని చిక్కటి గంజిలో ముంచి, పిండి, తలకిందులుగా వేసిన మంచం నవారు మీద పరిచి, ఆరు కొసలనూ లాగి తుమ్మముళ్లు గుచ్చాలి. గుండుసూదులు ఎక్కడివి మాకు? గంటలైతే ఆముదం రాసిన గ్లాసు మీద తొడగాలి, లేకపోతే అతుక్కుపోతాయి. ఒక రోజు ఎండితే అప్పుడు రేకులాగా నిలబడతాయి. మా ఇంట్లో వరి అన్నం ఆదివారం ఒక్కపూటే, మిగతా అంతా జొన్నరొట్టె, జొన్నగటక. ఆదివారం గంజి అంటే మాకు పండగ. ఉప్పు, ఉల్లిగడ్డ వేసుకుని నేనూ చెల్లె పోటీపడి తాగేవాళ్లం. డిసెంబరు వచ్చిందంటే ఆ గంజి మాకు బంద్. ఆ నెల గంజి నక్షత్రాలు తాగేవి. మబ్బు పట్టి ఎండ రాకపోతే పులిసేది. ఈగలు ముసిరి, ఇల్లంతా పాచి అన్నం కంపు. చెల్లె ఏడ్చేది. మా నాయినమ్మ చుట్ట వెలిగించుకుని గుమ్మంలో కూర్చుని, "కడుపులకు పోయేది దారానికి తాపుతున్నవ్. నీకు పిచ్చి లేసిందే శాంతా" అనేది. అంటూనే ఈగల్ని తోలేది. ప్రార్థన మొదలైతే చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకునేది. ఆమేన్ అనగానే మళ్లీ వెలిగించేది.

మా చెట్టు తుమ్మకొమ్మ. నవ్వకండి, అంతకన్నా మంచి క్రిస్మస్ చెట్టు నాకు ఇంతవరకు కనబడలేదు. ముళ్లే కొక్కాలు, దారం కట్టే పనే లేదు. గుమ్మం పక్కన కుండలో నిలబెట్టి నక్షత్రాలు తగిలించి, కొమ్మల మీద నాయిన బట్టల్లోంచి దులిపిన పత్తి పీచు పరిస్తే, దీపం వెలుగులో అదంతా తెల్లగా మెరిసేది. ఊళ్లో వాళ్లు మా వాడ వైపు రారు గానీ, జఫర్‌గఢ్ బాట మా వాడ పక్కనుంచే పోతుంది. ఒక క్రిస్మస్ సాయంత్రం ఊరి దొరసాని కచ్చడం బండి ఆ బాటన ఆగింది. ఆమె బండి దిగలేదు. తెర పక్కకు జరిపి చూసి, జీతగాణ్ని పంపించి అమ్మను పిలిపించింది.

"ఏమే శాంతీ, అవ్వి ఏడ కొన్నవ్?"

"కొన్నయి గావు దొరసాని, నేనే అల్లిన."

"నువ్వా?" అని ఆమె అమ్మ చేతుల వైపు చూసింది, ఆ చేతులకు ఆ పని ఎలా వచ్చిందా అన్నట్టు. "వచ్చే ఏడు గిదే నెలల మా పిల్ల పెండ్లి జేస్తం, ధనుర్మాసమైనా పిల్లగానికి గప్పుడే సెలవులు. పందిరికి గసొంటియి నూరు గావాలె. నువ్వే జెయ్యాలె."

అమ్మ వెంటనే సరే అనలేదు. చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అప్పుడు నాకు పదేళ్లు. మా ఊళ్లో బడి ఐదో తరగతితో సరి. ఆపైన చదవాలంటే జనగామలో ఆడపిల్లల హాస్టల్‌లో సీటు దొరకాలి. ఆ సీట్ల కాగితాలు దొరసాని తమ్ముడి చేతిలోనే ఉంటాయని ఊరంతా తెలుసు. సీటు రాకపోతే నేను కలుపుకు పోవాలి, ఆ మాట అయిపోయినట్టే. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "నా బిడ్డ చదువుతది దొరసాని" అంది. అంతే అంది. దొరసానికి అర్థమైంది. "పని మంచిగ జెయ్యి. మా తమ్మునికి చిట్టీ రాసిస్త" అంది. తెర పడింది, బండి కదిలింది.

దారపు ఉండలు వాళ్లే పంపించారు. మరుసటి ఏడాది వానలు తగ్గాక మొదలుపెడితే అమ్మ సూది ఆగలేదు. కలుపు గట్టు మీద, అంబలి పొయ్యి ముందు, సావు ఇంటికి పోతే అక్కడ కూడా. నాయినమ్మ తిట్టింది, "పీనుగ ముందల గూడ అల్లుడేనా" అని. నేను కొసలు కత్తిరించి ముడులు వేసేదాన్ని. ఆ ఏడు మా గుమ్మానికి ఒక్క నక్షత్రం లేదు, చర్చి తలుపుకు ఏటా అమ్మ కట్టే తోరణం లేదు. చర్చి ఆడవాళ్లు "దేవుని పని ఎనుక బడ్డది, దొర పని ముందలికొచ్చింది" అని మూతులు తిప్పారు. గంజి కోసం అమ్మ ఇంటింటికీ తిరిగింది. మా వాడలో ఎవరింట్లో వరి అన్నం వండితే వాళ్ల గంజి అడిగి తెచ్చింది. పదిహేను ఇళ్ల గంజి అది. పండుగకు మూడు రోజుల ముందు నూరు నక్షత్రాలు రేకుల్లా నిలిచాయి. అమ్మ వాటిని చాటలో పేర్చి, పైన ఉతికిన చీరముక్క కప్పి, నన్ను వెంటబెట్టుకుని దొర ఇంటికి నడిచింది.

మేము గేటు దాటి అరుగు దాకా పోకూడదు. గేటు లోపల ఒక బండ ఉంది, మేము తెచ్చినవన్నీ దాని మీద పెట్టి వెనక్కి జరగాలి. అమ్మ చాట పెట్టి, చీరముక్క తీసి జరిగింది. దొరసాని అరుగు మీంచే చూసి, "మంచిగున్నయి" అంది. ఆ ఒక్క మాటకు అమ్మ మొహం ఎలా విప్పారిందో నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. తర్వాత ఆ ఇంటి పనామె రాగిచెంబుతో వచ్చింది. చెంబులో పసుపు నీళ్లు, చేతిలో మామిడాకు. అది వాళ్ల ఇంట్లో మామూలు, మేము ముట్టుకున్న గంప గానీ, మూట గానీ, పసుపు నీళ్లు చల్లాకే లోపలికి పోతుంది. ఆమె చాట చుట్టూ తిరుగుతూ ఆకుతో చల్లింది. ఒక్క చుక్కతో సరిపెట్టలేదు, నూరింటికీ తగలాలి కదా మరి, ముంచి ముంచి చల్లింది.

తడి తగలనివ్వొద్దని అమ్మ చెప్పాలి. ఆ పని తెలిసినది ఆమే కదా, చెప్పాలి. చెప్పలేదు. ఎలా చెబుతుంది? మా మైలను మీరు కడుక్కోకండి అని చెప్పినట్టే కదా అది. అమ్మ పెదవులు కదలడం నేను చూశాను, మాట మాత్రం బయటికి రాలేదు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే నాయినమ్మ చుట్ట పొగ వదులుతూ పగలబడి నవ్వింది. "గంజి ఎవలింటిది? మన వాడది. పదిహేను కుండల గంజి రేపు గా పెండ్లిపిల్ల నెత్తి మీద ఏలాడుతది. గా సంగతి గాళ్లకు ఎవలన్న చెప్పున్రి!" నాకూ నవ్వొచ్చింది. అమ్మ నవ్వలేదు.

మూడో రోజు పొద్దున, అంటే క్రిస్మస్ పొద్దున, జీతగాడు వచ్చాడు. దొరసాని రమ్మంటుంది, ఇప్పుడే. మేము కొత్త బట్టలతో చర్చికి బయలుదేరుతున్నాం. అలాగే పోయాం. గేటు లోపల బండ మీద మా చాట ఉంది. అందులో ఉన్నదాన్ని ఏమనాలో నాకు తెలియదు. తడిసిన గంజి కరిగి నూరు నక్షత్రాలు ఒకదానికొకటి అంటుకుపోయి, పచ్చగా, జిగురుగా, ఒక ముద్ద అయ్యాయి. మూడు రోజులు మూతపెట్టి ఉంచిన చాటలో పులిసి పాచి కంపు కొడుతున్నాయి. ముద్ద మీద చీమలు. పెళ్లికి వచ్చిన చుట్టాలు అరుగు నిండా నిలబడి ముక్కులు మూసుకున్నారు. దొరసాని కూడా కొంగు ముక్కుకు పెట్టుకుంది.

"ఏం పాడు పని జేసినవే శాంతీ? పెండ్లి ఇంట్లకు గిసొంటి రోత తెచ్చి పెడ్తవా? నమ్మి పని జెప్పినందుకు గిదా?"

ఆ కంపు మాదన్నట్టు అందరూ మా వైపు చూస్తున్నారు. నా ఒళ్లు మండిపోయింది. "మేం తెచ్చినప్పుడు మంచిగనే ఉన్నయి. మీరే నీళ్లు సల్లిన్రు గదా, గంజి కరిగింది" అన్నాను. గట్టిగానే అన్నాను.

దొరసాని చూపు రాగిచెంబు పనామె వైపు పోయింది, పనామె చూపు నేల వైపు పోయింది. అంతా ఒక్క క్షణం. ఆ వెంటనే అమ్మ చెయ్యి నా చెంప మీద పడింది. అమ్మ నన్ను అంతకు ముందు ఎన్నడూ కొట్టలేదు. వేలు పక్కన కాయ నా దవడకు గీరుకుంది.

"చిన్న పోరి, దానికేం తెల్వదు దొరసాని. గంజి పల్సగయింది. నాదే తప్పు. మల్ల జేసిస్త" అంది అమ్మ, తల వంచుకుని.

"ఇంటికి తీస్కపోతె మల్ల గిట్లనే జేస్తవ్. ఈడనే కొట్టంల కూసోని జెయ్యి. ఎల్లుండి పెండ్లి" అంది దొరసాని.

అలా ఆ క్రిస్మస్ మేము పశువుల కొట్టంలో గడిపాం. మా చర్చి అయ్యగారికి ఈ ముక్క చెబితే కళ్లు మూసుకుని గంటసేపు ప్రసంగం చేసేవాడు, పశువుల పాక, తొట్టి, తల్లీబిడ్డా అంటూ. దయచేసి ఎవరూ చేయకండి. అక్కడ మహిమేమీ లేదు. ఉచ్చ వాసన, పేడ, చెవుల్లో దూరే దోమలు, నా కొత్త గౌను అంచు తడిసి బురద. అమ్మ ఆ ముద్దను వేడినీళ్లలో నానబెట్టి ఒక్కో నక్షత్రాన్నీ విడదీసింది. కుంకుడు నురుగులో పిసికింది. పసుపు మరక ఎండకు పోతుంది, కాబట్టి గడ్డివాము మీద పరిచి ఎండబెట్టాం. గంజి ఈసారి వాళ్ల వంటింటిది. పనామె మా కుండకు తగలకుండా పై నుంచి పోసింది, పిల్లి ముందు పాలు పోసినట్టు. సన్నబియ్యం గంజి, మీగడలా ఉంది. అంత కంపులో, అంత అవమానంలో, చెంప ఇంకా చురచుర మంటుండగా, నాకు ఆ గంజి చూసి నోరూరింది. ఈ ముక్క ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు. ఊరి అవతలి నుంచి మా చర్చి డోలక్ చప్పుడు, కీర్తనలు వినబడుతూనే ఉన్నాయి. అమ్మ ఒక్కసారి కూడా అటు తలెత్తలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి నూరూ నిలబడ్డాయి. చాటలో పేర్చి బండ మీద పెట్టి వెనక్కి జరిగాం. పనామె వచ్చింది. ఆమె చేతిలో రాగిచెంబు లేదు. మట్టి మూకుడులో నిప్పులు, వాటి మీద సాంబ్రాణి. చాట చుట్టూ పొగ మూడుసార్లు తిప్పి, లోపలికి తీసుకుపోయింది. ఒక్క నీటిచుక్క పడలేదు.

అంటే వాళ్లకు తెలుసు. దొరసానికి తెలుసు, పనామెకు తెలుసు, ముక్కులు మూసుకున్న చుట్టాలకు తెలుసు. నేను చెప్పింది నిజమని అందరికీ అక్కడే, అప్పుడే తెలిసింది. తెలిసి, తప్పు అమ్మ మీద ఉండనిచ్చి, మైల తీసే పద్ధతి మాత్రం మార్చుకున్నారు. చెంపదెబ్బ కన్నా, పేడ కంపు కన్నా, ఆ సాంబ్రాణి పొగే నాకు ఎక్కువ రోత పుట్టించింది. గేటు బయట మోరీ పక్కన కక్కుకున్నాను. అమ్మ వీపు నిమరబోతే చెయ్యి విదిలించేశాను. దారిలో అడిగాను, "నేను చెప్పింది అబద్ధమా?" అని. అమ్మ నడుస్తూనే, "సీటు గావాల్నా, వద్దా?" అంది. నేను జవాబివ్వలేదు. కావాలి. అందుకే ఇవ్వలేదు.

చిట్టీ వచ్చింది, సీటు వచ్చింది. జనగామ హాస్టల్‌లో చదివి, ట్రైనింగ్ అయి, ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. సెలవులకు ఇంటికొస్తే అమ్మ సూది, దారం నా ముందు పెట్టేది, నేను పక్కకు తోసేసేదాన్ని. చెల్లె నేర్చుకుంది, నేను నేర్చుకోలేదు. అమ్మ మీద కోపం కాదు, కోపమైతే పోయేది. ఏవగింపు. ఆ వంగిన తల, "నాదే తప్పు" అన్న ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నోరు చేదవుతుంది. అమ్మ పోయేదాకా ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. బళ్లో మాత్రం నా క్లాసు గోడ మీద 'నిజం చెబితే శిక్ష లేదు' అని రాయించాను. అందరూ మెచ్చుకునేవారు.

ఇదంతా చెప్పేసరికి జ్యోతి గంజి చల్లారిపోయింది. అది గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "అమ్మమ్మ మంచిగనే జేసింది గద పెద్దమ్మా" అంది మెల్లగా. నాకు ఒళ్లు మండింది. "ఏం మంచిగ? తల్లి అన్నంక పిల్ల నోరు మూయొద్దు. నువ్వు ఎవలకు నోరు కుదువ బెట్టకు. గది గుర్తు పెట్టుకో" అన్నాను. అది తల ఊపి, గంజి మళ్లీ పొయ్యి మీద పెట్టింది. ఈసారి నేను ముక్కు మూసుకోకుండా పక్కన కూర్చున్నాను. చెబితే కాస్త తేలికైంది కాబోలు.

పండుగ బాగానే జరిగింది. మధ్యాహ్నం జ్యోతి చుట్టుపక్కల ఇళ్లకు పళ్లేలు పంపింది. రెండు కేకు ముక్కలు, సకినాలు, మీద ఒక్కో నక్షత్రం. గుమాస్తా ఇంటి పళ్లెం అదే స్వయంగా పట్టుకుపోయింది. మర్నాడు పొద్దున చెత్తబండి వచ్చింది. జ్యోతి, నేను మా బకెట్ పట్టుకుని నిలబడ్డాం. ముందు గుమాస్తా భార్య సరళ తన బకెట్ బండిలో బోర్లించి లోపలికి పోయింది. కూరగాయ తొక్కల మీద రెండు కేకు ముక్కలు, కాగితం కూడా విప్పకుండా, పక్కనే సకినాలు, పులుసు మరకతో తెల్లటి నక్షత్రం. బండి ముందుకు కదిలింది. జ్యోతి చెవులు ఎర్రబడ్డాయి. థూ, ఈ మనుషులు మారరు అని నేనే పైకి అనేశాను. అప్పుడు గేటు దగ్గర బండ ఉండేది. ఇప్పుడు ఒకే గోడకు ఇటొక ఇల్లు, అటొక ఇల్లు, పళ్లెం నవ్వుతూ చేతికి చెయ్యి అందుకుంటారు. మైల కడుక్కోవడానికి చెత్తబండి వస్తుంది.

గంట తర్వాత సరళ తోమిన పళ్లెం పట్టుకుని వచ్చింది. ఉట్టి చేతులతో రావద్దని పళ్లెంలో నాలుగు అరటిపండ్లు. మంచి చీర, నిండు నవ్వు.

"కేకు మస్తున్నది జ్యోతీ. పిల్లలు ఒక్క ముక్క మిగల్చలే. ఆ నక్షత్రం దేవుని అర్రల కట్టినం. అగో, మా ఆయన చెప్పమన్నడు, మీ దానియేలు కాగితం ఇయ్యాల పెద్దసారు ముందట పెడ్తడట."

జ్యోతి పళ్లెం అందుకుంది. అరటిపండ్ల వైపు చూసింది. తర్వాత సరళ కళ్లలోకి చూసి, "అక్కా, పొద్దున చెత్తబండిల..." అంది.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. నా అరచెయ్యి దాని నోటి మీద ఉంది. గట్టిగా నొక్కి పెట్టాను, దాని పళ్లు నా వేళ్లకు తగులుతున్నాయి. "చెత్తబండిల మా బకెట్ పోయిందని రంది బిడ్డా దీనికి. చిన్నదానికి చిన్నదానికి పరేషాన్ అయితది, పట్టించుకోకు. మీ ఆయనకు మా దండాలు చెప్పు. సంక్రాంతికి మీ పిల్లలకు ఇంకో నాలుగు నక్షత్రాలు అల్లిస్త" అన్నాను. నవ్వాను కూడా. సరళ నవ్వుతూ పోయింది.

తలుపు మూసుకున్నాక జ్యోతి నా చెయ్యి పట్టుకుని నోటి మీంచి తీసింది. విదిలించలేదు, మెల్లగా తీసి కిందికి దించింది. పళ్లెం బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగి అడిగింది.

"మొన్న గంజికాడ నాకు చెప్పిన ముచ్చట ఎవలది పెద్దమ్మా?"